కార్న్ స్నేక్, రాట్ స్నేక్, మన జెర్రిపోతు: ఏది దేనికి ఏమవుతుందో తెలుసుకోవడం ఎలా

అమెరికాలో ఉండే మనవాళ్ళ గ్రూపుల్లో ఎండలు మొదలవగానే ఒక ఫోటో తిరుగుతుంది, గ్యారేజ్ మూలలోనో ఏసీ యూనిట్ పక్కనో చుట్టుకుని ఉన్న పాము, కింద "ఇదేం పాము అండీ, విషమా కాదా" అని ప్రశ్న. ఒకరు రాట్ స్నేక్ అంటారు, ఇంకొకరు కార్న్ స్నేక్ అంటారు, ఊరి నుంచి వచ్చిన పెద్దాయన చూసి "మన జెర్రిపోతే కదరా ఇది" అంటారు. వాదన నడుస్తుండగానే ఎవరో పార తెచ్చి దాన్ని చంపేస్తారు. ఆ చంపేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు అది ఏ హానీ చేయని పామే అయి ఉంటుంది. అందుకే వీటి బంధుత్వం ఎలా అర్థం చేసుకోవాలి, ఎదురుపడ్డప్పుడు ఎలా గుర్తుపట్టాలి అనేది కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. కార్న్ స్నేక్ అనేది రాట్ స్నేక్‌లలోనే ఒక రకం. దానికి రెడ్ రాట్ స్నేక్ అని ఇంకో పేరు కూడా ఉంది, ఫ్లోరిడా వైపు ఇప్పటికీ చాలామంది అలాగే పిలుస్తారు. కాబట్టి "ఇది కార్న్ స్నేకా, రాట్ స్నేకా" అని అడిగితే రెండూ కరెక్టే అవ్వొచ్చు. కానీ మన జెర్రిపోతుని కూడా ఇంగ్లీషులో రాట్ స్నేక్ అనే అంటారు, అది మాత్రం వేరే కొమ్మ. గందరగోళం అంతా ఇక్కడే.

దీన్ని విడదీయాలంటే మామూలు పేర్లు పక్కనపెట్టి శాస్త్రీయ నామం చూడాలి. అది రెండు మాటల్లో ఉంటుంది, మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. మన పేర్లలో ఇంటిపేరు ముందొచ్చి మనిషి పేరు తర్వాత వచ్చినట్టే అనుకోండి, మొదటి మాట ఒకటే అయితే ఒకే ఇంటివాళ్ళు. కార్న్ స్నేక్ పేరు పాంథెరోఫిస్ గుట్టాటస్, అందులో గుట్టాటస్ అనే రెండో మాట 1766లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త పెట్టింది. టెక్సాస్ రాట్ స్నేక్ అని డాలస్ వైపు అనేది పాంథెరోఫిస్ అబ్సొలీటస్. తూర్పు రాష్ట్రాల్లో నల్లగా పొడుగ్గా కనపడేది పాంథెరోఫిస్ అలెగానియెన్సిస్. గ్రేట్ ప్లెయిన్స్ రాట్ స్నేక్ పాంథెరోఫిస్ ఎమొరీ. ఇల్లినాయ్, విస్కాన్సిన్ వైపు కనిపించే ఫాక్స్ స్నేక్‌లు కూడా పాంథెరోఫిస్‌లే. అంటే ఇవన్నీ ఒకే ఇంటివి, చాలా దగ్గరివి.

పాత పుస్తకాలో పాత వెబ్‌సైట్లో చూస్తే ఇవన్నీ ఎలాఫే అనే పేరు కింద ఉంటాయి, కార్న్ స్నేక్‌ని ఎలాఫే గుట్టాటా అని రాసి ఉంటారు, కంగారు పడొద్దు, అదే పాము. ఒకప్పుడు ఆసియా, యూరప్, అమెరికా రాట్ స్నేక్‌లు అన్నింటినీ కలిపి ఎలాఫే అనే ఒకే సంచిలో వేశారు, తర్వాత డీఎన్ఏ చూశాక అమెరికావి వేరే గుంపు అని తేలి 2002 తర్వాత వాటిని విడదీశారు, 1843 నాటి పాంథెరోఫిస్ అనే పేరుని మళ్ళీ వాడకంలోకి తెచ్చారు. తూర్పు, మధ్య రాష్ట్రాల రాట్ స్నేక్‌ల పేర్లు ఈమధ్య కూడా ఇంకోసారి అటూ ఇటూ మారాయి, కాబట్టి రెండు చోట్ల రెండో మాట వేరేగా కనిపిస్తే తారీఖు చూసుకోండి, మొదటి మాట పాంథెరోఫిస్ అయితే బంధుత్వం విషయంలో మీకు తేడా ఏమీ రాదు.

ఆ ఇంట్లో కూడా కార్న్ స్నేక్‌కి మరీ దగ్గరివి రెండున్నాయి. ఒకటి పైన చెప్పిన గ్రేట్ ప్లెయిన్స్ రాట్ స్నేక్, రెండోది లూసియానా, తూర్పు టెక్సాస్, ఆర్కన్సా వైపు ఉండే స్లొవిన్‌స్కీ కార్న్ స్నేక్. ఈ రెండూ ఒకప్పుడు కార్న్ స్నేక్‌లోనే భాగం అనుకునేవాళ్ళు, 2002లో ఫ్రాంక్ బర్‌బ్రింక్ అనే పాముల శాస్త్రవేత్త డీఎన్ఏ చూసి మూడూ వేరని రాశాడు, కొత్తదానికి జో స్లొవిన్‌స్కీ పేరు పెట్టాడు. ఆ స్లొవిన్‌స్కీ కథ మనవాళ్ళకి తెలియాలి, 2001 సెప్టెంబర్‌లో బర్మా ఉత్తరాన అడవుల్లో సర్వే చేస్తూ ఒక చిన్న కట్లపాము కాటుకి చనిపోయాడు, మన పొలాల్లో తిరిగే కట్లపాము ప్రజాతిదే అది. అంత నిపుణుడికే అలా జరిగింది, అందుకే ఫోటో చూసి "ఏం కాదులే" అని చేత్తో పట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇంకొంచెం దూరపు చుట్టాలు ఎవరో చూద్దాం, ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు. కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్, కాలిఫోర్నియాలో విరివిగా కనపడే గోఫర్ స్నేక్, టెక్సాస్ నుంచి ఉత్తరానికి ఉండే బుల్ స్నేక్, ఇవేవీ రాట్ స్నేక్ అనే పేరు పెట్టుకోవు, కానీ కార్న్ స్నేక్‌కి మన జెర్రిపోతు కన్నా ఇవే చాలా దగ్గర. అన్నింటినీ కలిపి లాంప్రోపెల్టిని అనే తెగ అంటారు. వీటి పూర్వీకులు ఆసియా నుంచి, అప్పట్లో సైబీరియాకీ అలాస్కాకీ మధ్య నేల ఉండేది కదా, ఆ దారిలో రెండు కోట్ల ఏళ్ళకి పైనే కిందట అమెరికా చేరాయని పరిశోధకుల లెక్క, అక్కడికొచ్చాక ఒక్కో చోట ఒక్కోలా మారిపోయాయి, కొన్ని చెట్లెక్కేవయ్యాయి, కొన్ని బొరియల్లో దూరేవయ్యాయి, కింగ్ స్నేక్‌లు ఏకంగా మిగతా పాముల్ని తినడం మొదలుపెట్టాయి. కాబట్టి బే ఏరియాలో ఉండేవాళ్ళు హైకింగ్‌లో గోధుమరంగు మచ్చల పాము చూసి కార్న్ స్నేక్ అనుకుంటే అది కాదు, అక్కడ కార్న్ స్నేక్ సహజంగా ఉండదు, మీరు చూసింది గోఫర్ స్నేక్ అయి ఉంటుంది, కానీ చుట్టమే. ఒక్క జాగ్రత్త, అక్కడ విషమున్న ర్యాటిల్ స్నేక్‌లకి కూడా అలాంటి మచ్చలే ఉంటాయి, దూరం నుంచే చూడండి.

మరి జెర్రిపోతు? దాని పేరు ప్టయాస్ మ్యూకోసా. కార్న్ స్నేక్‌తో కలిపేది కొలుబ్రిడే అనే పెద్ద కుటుంబం, అందులో కొలుబ్రినే అనే ఉపకుటుంబం, అంతవరకే. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. ఎలుకలు తినడం, పొడుగ్గా ఉండటం, విషం లేకపోవడం రెండింటికీ ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషువాళ్ళు ఒకే పేరు పెట్టేశారు, అది తిండిని బట్టి వచ్చిన పేరే, రక్తసంబంధాన్ని బట్టి కాదు. నిజానికి మన దేశంలోనే కార్న్ స్నేక్‌కి జెర్రిపోతు కన్నా దగ్గరివి ఉన్నాయి, హిమాలయాల వైపు హాడ్జ్‌సన్ రాట్ స్నేక్, ఈశాన్యంలో బ్యూటీ స్నేక్, ఇవి ఎలాఫే గుంపువి. మన తెలుగు ప్రాంతాల్లో ఉండే ట్రింకెట్ పాముని కూడా ఒకప్పుడు ఎలాఫేలోనే పెట్టారు, తర్వాత వేరే ప్రజాతికి మార్చారు.

పద్ధతుల్లో చూసినా తేడా తెలిసిపోతుంది. అమెరికా రాట్ స్నేక్ ఎలుకని పట్టగానే ఒళ్ళంతా చుట్టేసి బిగించి చంపుతుంది, కార్న్ స్నేక్ కూడా అంతే. జెర్రిపోతు అలా చుట్టదు, నోట్లో పట్టుకుని నేలకో గట్టుకో ఒంటితో అదిమిపెట్టి మింగేస్తుంది. జెర్రిపోతు పగటిపూట పాము, కళ్ళు పెద్దవి, చూపు చురుకు, మనిషి అలికిడి అయితే క్షణంలో గట్టు దాటి పోతుంది. కార్న్ స్నేక్ నిదానం, ఎండాకాలంలో ఎక్కువగా రాత్రిళ్ళు తిరుగుతుంది, భయమేస్తే పారిపోయే బదులు చాలాసార్లు కదలకుండా ఉండిపోతుంది. పొలుసులు లెక్కపెట్టగలిగితే అదీ ఒక గుర్తు, ఒంటి మధ్యలో అడ్డంగా లెక్కిస్తే జెర్రిపోతుకి 16, 17 వరుసలు ఉంటాయి, పాంథెరోఫిస్‌లకి మామూలుగా 25, అంతకన్నా ఎక్కువ. ఇది కుబుసం దొరికినప్పుడు చూడండి, పాము దగ్గరికెళ్ళి కాదు.

జెర్రిపోతు గురించి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది, రెండూ జతకడతాయి అని ఊళ్ళల్లో ఇప్పటికీ నమ్ముతారు. జెర్రిపోతుల్లో ఆడా మగా రెండూ ఉంటాయి, అవి వాటిలో అవే జతకట్టి గుడ్లు పెడతాయి. నాగుపాముది ఎలాపిడే అని పూర్తిగా వేరే కుటుంబం, కార్న్ స్నేక్‌కీ జెర్రిపోతుకీ ఉన్న దూరం కన్నా అది చాలా ఎక్కువ దూరం. పొలంలో రెండు పాములు మెలికలు పడి నిలబడితే అది చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులు బలం చూసుకోవడం. ఇంకో గుర్తు, బెదిరించినప్పుడు నాగుపాము మెడని అడ్డంగా పరిచి పడగ విప్పుతుంది, జెర్రిపోతు మెడని నిలువుగా, కిందికీ పైకీ ఉబ్బించి బుసకొడుతుంది, పెదవుల మీద నల్ల గీతలు నిలువుగా కనిపిస్తాయి. జెర్రిపోతుకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చంపడం నేరం, పైగా వడ్ల గాదెకి అది చేసే మేలు ఏ ఎలుకల మందూ చేయదు.

ఇక అమెరికాలో కళ్ళ ముందు పాము ఉన్నప్పుడు ఏం చూడాలి. మొట్టమొదట పాముని కాదు, మీరు ఎక్కడున్నారో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు అయితే టెక్సాస్ రాట్ స్నేక్ లేదా గ్రేట్ ప్లెయిన్స్ రాట్ స్నేక్, అసలైన కార్న్ స్నేక్ ఆ ప్రాంతం పాము కాదు, దొరికితే ఎవరో పెంచుకున్నది తప్పించుకుని వచ్చిందనే అనుకోవాలి. నార్త్ కరోలినాలో క్యారీ, షార్లెట్ వైపు, జార్జియాలో అట్లాంటా చుట్టుపక్కల అయితే రెండూ ఉంటాయి, రాట్ స్నేక్ ఉంటుంది, కార్న్ స్నేక్ కూడా ఉంటుంది, అక్కడే జాగ్రత్తగా చూడాలి. న్యూజెర్సీలో కార్న్ స్నేక్ దక్షిణాన పైన్ బారెన్స్ ప్రాంతంలో మాత్రమే మిగిలింది, ఆ రాష్ట్రంలో అంతరించే ప్రమాదం ఉన్న జాతి అది, ఎడిసన్‌లో ఇంటి వెనక నల్లగా కనిపించింది కార్న్ స్నేక్ కాదు.

రెండోది వయసు. ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. తూర్పు రాట్ స్నేక్ పెద్దయ్యాక నిగనిగలాడే నలుపు, కానీ గుడ్డులోంచి వచ్చినప్పుడు బూడిదరంగు మీద ముదురు మచ్చలతో ఉంటుంది, రెండు మూడేళ్ళకి మచ్చలు మెల్లగా నలుపులో కలిసిపోతాయి. కార్న్ స్నేక్ పిల్ల కూడా మచ్చలతోనే ఉంటుంది, అప్పుడే పుట్టినప్పుడు పెద్దదానికి ఉండే ఎరుపు నారింజ రంగులు ఇంకా పూర్తిగా రావు. అంటే పెద్దవి చూస్తే సంబంధం లేనట్టుండే రెండు పాములు పిల్లప్పుడు దాదాపు ఒకేలా ఉంటాయి, బంధుత్వం ఆ వయసులోనే బాగా కనపడుతుంది.

అలాంటి చిన్న పాము దొరికితే తల మీద ఫోటో జూమ్ చేసి చూడండి. కార్న్ స్నేక్‌కి మెడ మీద నుంచి రెండు ముదురు చారలు వచ్చి కళ్ళ మధ్య కలిసి బల్లెం మొనలా తయారవుతాయి. రాట్ స్నేక్ పిల్లకి ఆ మొన ఉండదు. ఇంకోటి కంటి వెనక చార, కార్న్ స్నేక్‌లో అది నోటి చివర దాటి మెడ మీదికి సాగుతుంది, రాట్ స్నేక్ పిల్లలో నోటి దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండు గుర్తులూ కలిపి చూస్తే చాలావరకు పొరపాటు జరగదు. గ్రేట్ ప్లెయిన్స్ రాట్ స్నేక్‌కి కూడా ఆ బల్లెం మొన ఉంటుంది, కార్న్ స్నేక్‌కి మరీ దగ్గరిది కదా, అందుకే, కాకపోతే దానికి ఎరుపు ఉండదు, బూడిద, గోధుమ రంగులే. కాబట్టి డాలస్‌లో బూడిదరంగు చిన్న పాముకి తల మీద మొన ఉంటే గ్రేట్ ప్లెయిన్స్ అనుకోవచ్చు, లేకపోతే టెక్సాస్ రాట్ స్నేక్ అనుకోవచ్చు.

పొట్ట కనపడితే ఇంకా మంచిది, అద్దం మీద పాకుతున్నప్పుడు లోపలి నుంచి ఫోటో తీయొచ్చు. కార్న్ స్నేక్ పొట్ట మీద నలుపు తెలుపు చదరంగం గళ్ళు స్పష్టంగా ఉంటాయి, తోక కింద రెండు చారలు. పెద్ద రాట్ స్నేక్‌కి అంత శుభ్రమైన గళ్ళు ఉండవు. రెండింటికీ పొట్ట చదునుగా ఉండి పక్కల అంచు తేలి ఉంటుంది, ఆ అంచులతోనే చెట్టు బెరడుని, ఇటుక గోడ సందుల్ని పట్టుకుని నిలువుగా ఎక్కేస్తాయి, రెండో అంతస్తు కిటికీ దగ్గర పాము కనపడిందంటే కారణం అదే.

రంగుని మాత్రం చివరికి ఉంచండి. ఒకప్పుడు నల్లవి ఒక ఉపజాతి, పసుపువి ఒకటి, బూడిదవి ఒకటి అని రంగుని బట్టే విడగొట్టారు. బర్‌బ్రింక్, ఆయనతో పనిచేసినవాళ్ళు 2000లో వీటి డీఎన్ఏ చూస్తే వంశాలు రంగుల ప్రకారం విడిపోలేదు, మిసిసిపీ నది, అపలాచియన్ కొండలు, అపలాచికోలా నది లాంటి అడ్డుల దగ్గర విడిపోయాయి. నదికి అటువైపు ఉన్న నల్లదాని కన్నా ఇటువైపున్న పసుపుది ఇక్కడి నల్లదానికి దగ్గర అన్నమాట. రంగు ఎండకీ అడవికీ తగ్గట్టు మారిపోతుంది, వంశం అంత సులువుగా మారదు.

ఇప్పుడు అసలు భయం, కాపర్‌హెడ్. జార్జియా, కరోలినాలు, టెక్సాస్‌లో మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది దీంతోనే, దీనికి విషం ఉంది. చూడాల్సింది ఒంటి మీద డిజైన్. కాపర్‌హెడ్‌కి పట్టీలు వెన్ను మీద సన్నగా ఉండి పక్కలకి వచ్చేసరికి వెడల్పవుతాయి. కార్న్ స్నేక్, రాట్ స్నేక్ పిల్లలకి మచ్చ వెన్ను మీదే వెడల్పుగా ఉంటుంది, పక్కన వేరే చిన్న మచ్చలుంటాయి. కాపర్‌హెడ్ పిల్లకి తోక చివర పసుపు పచ్చగా మెరుస్తుంది. తల త్రికోణంగా ఉంటే విషం అనే లెక్క నమ్మకండి, రాట్ స్నేక్ భయపడితే తలని చదును చేసి త్రికోణంలా చేస్తుంది, ఎండుటాకుల్లో తోక కొట్టి ర్యాటిల్ స్నేక్ లాంటి శబ్దం కూడా చేస్తుంది. అనుమానం ఉన్నంతసేపు విషం ఉన్నట్టే అనుకుని ఆరేడు అడుగులు వెనక్కి జరగండి, పిల్లల్ని, కుక్కని లోపలికి పిలవండి, పైనుంచి ఒకటి పక్కనుంచి ఒకటి జూమ్‌లో ఫోటో తీసుకోండి, మీ రాష్ట్రం పేరు కూడా చెప్పి తెలిసినవాళ్ళకి పంపండి. కాటు పడితే గుర్తుపట్టే పని పక్కనపెట్టి 911కి చేయండి. జార్జియాలో విషం లేని స్థానిక పాముల్ని చంపడం చట్టవిరుద్ధం, పెంచుకోవడం కూడా కుదరదు, అంటే పక్క రాష్ట్రాల్లో పెట్ షాపులో కొనే కార్న్ స్నేక్‌ని అక్కడ ఇంట్లో పెట్టుకోకూడదు.

పెంచుకునేవాళ్ళకి బంధుత్వం ఇంకో రకంగా అవసరం. కార్న్ స్నేక్‌ని గ్రేట్ ప్లెయిన్స్ రాట్ స్నేక్‌తో కలిపితే పిల్లలు పుడతాయి, వాటికీ పిల్లలు పుడతాయి, వాటిలో నలుపు రంగు లేని రకాన్ని క్రీమ్‌సికిల్ అని అమ్ముతారు. కింగ్ స్నేక్‌తో కలిపినా పుడతాయి, వాటిని జంగిల్ కార్న్ అంటారు. పిల్లలు పుట్టాయి కాబట్టి ఒకే జాతి అని మాత్రం అనుకోవద్దు, ఈ తెగలో ప్రజాతులు దాటి కూడా సంకరం జరుగుతుంది, కాబట్టి దగ్గరితనానికి అదొక సూచనే తప్ప కొలత కాదు. కొనేటప్పుడు బ్రీడర్‌ని తల్లీతండ్రీ ఏ జాతివో రాతపూర్వకంగా అడగండి, ముఖ్యంగా ముందు ముందు గుడ్లు పొదిగించాలనే ఆలోచన ఉంటే, ఎందుకంటే ఒక్క ఈతలో 10 నుంచి 30 గుడ్లు పెడుతుంది, రెండు నెలల్లో పిల్లలవుతాయి, వాటిని మీరు ఏ పేరుతో ఇస్తే అదే పేరుతో అవి ఇంకొకరి ఇంటికి వెళ్తాయి.

చుట్టాలు కదా అని కార్న్ స్నేక్‌నీ కింగ్ స్నేక్‌నీ ఒకే ట్యాంకులో పెట్టకండి, కింగ్ స్నేక్ దాన్ని మింగేస్తుంది. పెంచలేకపోతే బయట వదలొద్దు, కరీబియన్ దీవుల్లో కొన్ని చోట్ల కార్న్ స్నేక్‌లు అలా బయటపడి స్థిరపడిపోయాయి, అక్కడి చిన్న జంతువులకి వాటి నుంచి తప్పించుకోవడం అలవాటు లేదు. మీ ఊళ్ళో సరీసృపాల రెస్క్యూ వాళ్ళుంటారు, ముందే ఫోన్ చేసి వాళ్ళకి అప్పగించండి, ఇచ్చేటప్పుడు అది ఏ జాతో, హైబ్రిడ్ అయితే వేటివేటికి పుట్టిందో కాగితం మీద రాసివ్వండి.